ఓపీజీ ఉండగా మళ్లీ సీబీసీటీ ఎందుకు?

పాలకొల్లు నుంచి మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. మీ అమ్మగారికి 61 ఏళ్లు, షుగరు ఉంది. కింది దవడలో కుడివైపు మొదటి దవడపన్ను తీసి 8 నెలలైంది. అక్కడ ఇంప్లాంటు (ఎముకలో బిగించి, పైన పన్ను కట్టే స్క్రూ) వేస్తామన్న డాక్టరు గారు, ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకే చిత్రంలో చూపే ఎక్స్‌రే, చేతిలో ఉన్నా, భీమవరం వెళ్లి సీబీసీటీ, అంటే కోన్ బీమ్ సీటీ అనే త్రీడీ ఎక్స్‌రే స్కాన్, తీయించుకు రమ్మన్నారు. మీకేమో మూడేళ్ల కిందట రూట్ కెనాల్ చేసిన పై దవడపన్ను నమిలినప్పుడల్లా నొప్పి పెడుతోంది. మీ పాపకు 13 ఏళ్లు వచ్చినా పైన కుడి కోరపన్ను ఇంకా రాలేదు. ఎలాగూ కారు మాట్లాడుకుని వెళ్తున్నారు కాబట్టి ముగ్గురికీ ఒకేసారి ముఖం మొత్తానికి త్రీడీ స్కాన్ తీయించేస్తే పని తీరిపోతుందా, రేడియేషన్ వల్ల ప్రమాదం ఉందా అన్నది మీ సందేహం.

ఓరల్ మెడిసిన్, రేడియాలజీ చదువుకుని అమలాపురంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా నా సమాధానం ఇది: అమ్మగారికి తీయించండి, మీకు నోరు పరీక్షించిన తరువాత అవసరమైతేనే తీయించండి, పాపకు ఇప్పుడే వద్దు. ముఖం మొత్తానికి మాత్రం ముగ్గురిలో ఎవరికీ అక్కర్లేదు. ఒకే యంత్రం, ఒకే ఇల్లు, అయినా మూడు రకాల సమాధానాలు ఎందుకొచ్చాయో వివరంగా చెబుతాను. ఈ స్కాన్ విషయంలో తెలుసుకోవలసినదంతా ఆ తేడాలోనే ఉంది.

అమ్మగారి సంగతితో మొదలుపెడదాం. ఓపీజీ అంటే యంత్రం తల చుట్టూ అర్ధచంద్రాకారంగా తిరిగి, గుర్రపునాడాలా వంగి ఉన్న రెండు దవడలనూ చదునుగా పరిచి చూపించే ఒకే ఒక్క చిత్రం. అందులో పొడవు కనిపిస్తుంది, ఎత్తు కనిపిస్తుంది, బుగ్గవైపు నుంచి నాలుకవైపు వరకు ఎముక ఎంత వెడల్పుందో మాత్రం కనిపించదు. గోదావరిలో పడవ మీద పోతూ ఏటిగట్టును చూస్తే గట్టు ఎంత పొడవో, ఎంత ఎత్తో తెలుస్తుంది కాని, దాని మీద బస్సు పోగలదో, మనిషి ఒక్కడే నడవగలడో గట్టెక్కి చూస్తే తప్ప తెలియదు. 9 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎముకా, 4 మిల్లీమీటర్లే ఉన్న ఎముకా ఓపీజీలో ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. దవడపన్ను చోట మామూలుగా వేసే ఇంప్లాంటు అడ్డుకొలతే 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి రెండు పక్కలా మరికొంత ఎముక మిగలాలి. అంటే మొదటి ఎముకలో అది హాయిగా ఇముడుతుంది, రెండో ఎముకలో అసలు పట్టదు.

పైగా పన్ను తీసిన చోట ఎముక అలాగే నిలిచి ఉండదు. దవడపన్ను తీసిన ఏడాదిలో ఆ ఎముక గట్టు వెడల్పు సుమారు సగానికి తగ్గవచ్చు, ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే జరిగిపోతుంది, ఎక్కువగా కరిగేది బుగ్గవైపు ఎముకే. మీ అమ్మగారికి 8 నెలలు గడిచాయి. పైన చిగురు నిండుగా, గుండ్రంగా కనిపించినా లోపల ఎముక కత్తి అంచులా సన్నబడి ఉండే అవకాశం బాగానే ఉంది, వేలితో తడిమి చూసినా చిగురు మందం మనల్ని మోసం చేస్తుంది.

రెండో సంగతి కొలతలు. ఓపీజీలో బొమ్మ అసలు కంటే పెద్దదిగా పడుతుంది. ఎత్తులో ఆ పెరుగుదల సాధారణంగా 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది, అడ్డంలోనైతే తల నిలబెట్టిన తీరును బట్టి చోటుకొక రకంగా మారుతుంది. మాట వరసకు, గట్టు పైనుంచి, కింది దవడ ఎముక లోపల నరం సాగే కాలువ పైకప్పు దాకా ఓపీజీలో 13 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 25 శాతం పెరుగుదల తీసేస్తే అసలు ఎత్తు 10.4. కాలువకూ ఇంప్లాంటు కొసకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి కాబట్టి మిగిలేది 8.4. గట్టు పైభాగం సన్నగా ఉండి, దాన్ని కాస్త చదును చేయవలసి వస్తే ఇంకా తగ్గుతుంది. ఓపీజీ చూసి 10 మిల్లీమీటర్ల ఇంప్లాంటు తెప్పించుకున్న డాక్టరుకు అసలు అవసరమైనది 8 మిల్లీమీటర్లదో, అంతకంటే పొట్టిదో అయి ఉండవచ్చు. నరం కాలువ విషయంలో 2 మిల్లీమీటర్ల తేడా చిన్నది కాదు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్న పాఠం కాదు. 2007లో ఒక లంక గ్రామం నుంచి వచ్చిన రైతుకు కింది ఎడమవైపు చిన్న దవడపన్ను చోట ఇంప్లాంటు వేశాను. అప్పటికి మా చుట్టుపక్కల కోన్ బీమ్ యంత్రం లేదు, ఆసుపత్రి సీటీ తీయించాలంటే ఖర్చూ ఎక్కువ, రేడియేషనూ ఎక్కువ. ఓపీజీ ముందు పెట్టుకుని, పెరుగుదల తీసేసి, జాగ్రత్తగానే లెక్క కట్టాను. దవడ నరం గడ్డం పక్కన రంధ్రంలోంచి బయటికి వచ్చే ముందు కొందరిలో ముందుకు సాగి, మళ్లీ వెనక్కి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు ఓపీజీలో నాకు కనిపించలేదు. మత్తు దిగినా ఆయన కింది పెదవి తిమ్మిరి వదలలేదు. మర్నాడే ఇంప్లాంటు తీసేశాను కాని, పెదవికి స్పర్శ పూర్తిగా తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. అన్నం తినేటప్పుడు పెదవికి మెతుకు అంటుకున్నా ఆయనకు తెలియడం లేదని ఆయన భార్య చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. తప్పు నాది, ఓపీజీది కాదు. అది చూపించలేని విషయాన్ని దాని నుంచి ఊహించుకున్నది నేను.

కింది దవడపళ్ల దగ్గర నాలుకవైపు మరో చిక్కుంది. అక్కడ లాలాజల గ్రంథి ఒదిగి ఉండే చోట ఎముక లోపలికి గుంటగా నొక్కుకుపోయి ఉంటుంది, కొందరిలో ఆ గుంట బాగా లోతు. పైనుంచి నిటారుగా డ్రిల్లు దించితే అది ఎముకలోనే ఉందనుకుంటూ ఉండగానే నాలుకవైపు గోడ చీల్చుకుని బయటికి పోవచ్చు. ఆ వైపు రక్తనాళం తెగితే నోటి అడుగున రక్తం గూడుకట్టి, నాలుక పైకి లేచి, ఊపిరికే అడ్డుపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఇది అరుదే, కాని ఆ గుంట ఎంత లోతుగా ఉందో ఓపీజీలో తెలిసే మార్గం లేదు. సీబీసీటీ ఇచ్చే అడ్డుకోత చిత్రంలో, అంటే ఎముకను అడ్డంగా కోసినట్టు చూపేదానిలో మాత్రం, మొదటి చూపులోనే తెలుస్తుంది. అమెరికాలోని ఓరల్ రేడియాలజీ అకాడమీ 2012లో ఇచ్చిన సూచన కూడా ఇదే: మొదటి అంచనాకు ఓపీజీ చాలు, ఇంప్లాంటు వేయబోయే చోటు ఖరారు చేసేటప్పుడు మాత్రం అడ్డుకోత చిత్రం ఉండాలి. కాబట్టి మీ డాక్టరు గారు సరైన మాటే చెప్పారు.

యంత్రం ఏం చేస్తుందో కొంచెం తెలిస్తే దాని బలమూ, లోపమూ రెండూ అర్థమవుతాయి. ఎక్స్‌రే కిరణాలు శంకువు ఆకారంలో వెడల్పుగా బయలుదేరి, ఎదురుగా ఉన్న చదునైన పలక మీద పడతాయి. ఈ జంట తల చుట్టూ ఒక్కసారి తిరుగుతుంది, సాధారణంగా 10 నుంచి 20 సెకన్లు పడుతుంది, ఆ కొద్ది సేపట్లో వందల కొద్దీ చిత్రాలు తీస్తుంది. వాటినన్నిటినీ కలిపి కంప్యూటరు చిన్న చిన్న ఘనాల రాశిగా దవడను మళ్లీ నిర్మిస్తుంది. ఆ ఘనాన్ని వాక్సెల్ అంటారు, దాని అంచు 0.1 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కొన్ని యంత్రాల్లో ఇంకా సన్నం. మూడు వైపులా ఒకే కొలత కావడంలోనే దీని గొప్పంతా ఉంది. పాత రకం ఆసుపత్రి సీటీ మన ఆత్రేయపురం పూతరేకు లాంటిది, పొరలుగా విప్పవచ్చు కాని అడ్డంగా కోస్తే ముక్క చెదిరిపోతుంది. కోన్ బీమ్ జున్ను లాంటిది, ఏ దిక్కు నుంచి కోసినా ముక్క నున్నగా వస్తుంది. ఈ పునర్నిర్మాణానికి ఆధారమైన గణిత పద్ధతిని ఫెల్డ్‌క్యాంప్, డేవిస్, క్రెస్ అనే ముగ్గురు 1984లో ప్రకటించారు. వాళ్లు ఫోర్డు కార్ల కంపెనీ పరిశోధకులు కావడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. దంతవైద్యానికి పనికొచ్చే మొదటి యంత్రం ఇటలీలోని వెరోనాలో 1990ల మధ్యలో తయారైంది, దాదాపు అదే కాలంలో జపాన్‌లో యోషినోరి అరాయ్ చిన్న ఫీల్డు (స్కాన్‌లో పడే మేర) యంత్రాన్ని రూపొందించాడు.

లోపాలూ ఇక్కడి నుంచే వస్తాయి. శంకువు ఆకారంలో వచ్చే కిరణాల్లో చెదిరిపోయేవి ఎక్కువ, అందుకని చిగురు, కండ, నాలుక వంటి మెత్తని భాగాలు వేరువేరుగా కనిపించవు. అదే కారణం వల్ల ఎముక సాంద్రతను అంకెల్లో నమ్మకంగా చెప్పలేం. ఆసుపత్రి సీటీలో గాలికీ, నీటికీ, ఎముకకూ సాంద్రతను చూపే స్థిరమైన హౌన్స్‌ఫీల్డ్ అంకెలుంటాయి. కోన్ బీమ్‌లో వచ్చే బూడిదరంగు విలువ యంత్రాన్ని బట్టి, ఫీల్డును బట్టి, నోట్లో ఉన్న లోహాన్ని బట్టి మారిపోతుంది. రిపోర్టులో మీ అమ్మగారి ఎముక ఇన్ని యూనిట్లని రాసి ఉంటే, దాన్ని చూసి సంతోషపడనూ వద్దు, దిగులుపడనూ వద్దు. ఎముక గట్టిదనం డ్రిల్లు చేసేటప్పుడు డాక్టరు చేతికే తెలుస్తుంది.

అలాగే షుగరు అదుపులో ఉందో లేదో, చిగురు మానుతుందో లేదో ఏ స్కానూ చెప్పదు. దానికి మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కావాలి. ఎముకలు గుల్లబారే జబ్బుకు వారానికొకటి వేసుకునే అలెండ్రోనేట్ లాంటి మాత్రలు గాని, ఏడాదికొకసారి ఇచ్చే ఇంజెక్షన్ గాని ఎప్పుడైనా వాడి ఉంటే, ఆ మాట స్కాన్ కంటే ముందు డాక్టరు గారి చెవిన వేయాలి. ఇంటిల్లిపాదీ మరిచిపోయే విషయం ఇదే. లంక పొగాకు చుట్ట అలవాటున్నవారిలోనూ ఇదే తంతు: ఎముక చిత్రం చక్కగా ఉంటుంది, ఇంప్లాంటు మాత్రం వదులవుతుంది.

ఇక రేడియేషన్. దీని కొలమానం మైక్రోసీవర్టు. పంటికి తీసే చిన్న ఫిల్ముతో శరీరానికి అందేది సాధారణంగా 10 లోపు, ఓపీజీతో 10 నుంచి 25 దాకా, చిన్న ఫీల్డు సీబీసీటీతో చాలా యంత్రాల్లో కొన్ని పదులు, ముఖం మొత్తం తీస్తే వంద, కొన్ని వందలు, కొన్ని యంత్రాల్లో వెయ్యి దాకా కూడా. తలకు ఆసుపత్రి సీటీ అయితే సుమారు 2,000. పోలికకు, నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి, పీల్చే గాలి నుంచి మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2,400, అంటే రోజుకు ఆరేడు. అమ్మగారి స్కాన్ 80 మైక్రోసీవర్టులనుకుంటే అది దాదాపు 12 రోజుల సహజ రేడియేషన్‌తో సమానం. దానికి భయపడి ఇంప్లాంటును గుడ్డిగా వేయించుకోవడం తెలివైన పని కాదు. అయితే తక్కువే కదా అని అవసరం లేని స్కాన్ తీయించుకోవడాన్ని కూడా ఈ అంకెలు సమర్థించవు.

అందుకే ఫీల్డు పరిమాణం గురించి గట్టిగా చెబుతున్నాను. కౌంటరు దగ్గర మీకు తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: చిన్నదానికీ పెద్దదానికీ డబ్బులో తేడా కొంచెమే, పెద్దదే తీయించుకోండి, అన్నీ వచ్చేస్తాయి అని. కూరగాయల బేరంలో పనికొచ్చే తర్కం ఇక్కడ చెల్లదు. ఫీల్డు పెరిగితే రేడియేషన్ పెరుగుతుంది, చెదిరే కిరణాలు పెరుగుతాయి, చాలా యంత్రాల్లో వాక్సెల్ కూడా పెద్దదవుతుంది కాబట్టి బొమ్మలో స్పష్టత తగ్గుతుంది. ఎక్కువ డబ్బిచ్చి, ఎక్కువ రేడియేషన్ తీసుకుని, మసక బొమ్మ తెచ్చుకున్నట్టవుతుంది. అమ్మగారికి కింది దవడ ఒక్కటే పడితే చాలు. చీటీ మీద ఏ పన్ను స్థానం, ఎందుకు, ఏ ఫీల్డు అన్నవి మీ డాక్టరు గారి చేతే రాయించుకోండి. ఉత్త సీబీసీటీ అని రాసిన చీటీ అంటే ప్రశ్న లేకుండా జవాబు అడిగినట్టే.

స్కాన్ రోజున అమ్మగారు చేయవలసినది కొద్దిగానే ఉంటుంది. కమ్మలు, మాటీలు, ముక్కుపుడక, తలపిన్నులు, కళ్లజోడు, తీసిపెట్టుకునే కట్టుడు పళ్లు ఉంటే అవి, అన్నీ తీసేయాలి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివారు మా దగ్గర చాలామంది ఉంటారు. కింది దవడ స్కాన్‌లో కిరణాల దారికి అడ్డం రాకుండా దాన్ని బాగా కిందికి జార్చుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు, అయినా టెక్నీషియన్‌తో ఒక మాట చెప్పండి. వీలైతే కూర్చోబెట్టి తీయమనండి. ఆ పదిహేను ఇరవై సెకన్లలో గుటక వేసినా, తల కదిపినా ఎముక అంచు రెండు గీతలుగా పడుతుంది, నరం కాలువ గోడ కనిపించకుండా పోతుంది. పైపళ్లూ కిందిపళ్లూ తగలకుండా మధ్యలో దూది చుట్ట కొరికి పట్టుకుంటే మంచిది. మెడకు సీసపు పట్టీ కట్టలేదేమని కంగారు పడవద్దు. అది కిరణాల దారిలోకి వస్తే బొమ్మే పాడవుతుంది, అమెరికా దంతవైద్య సంఘం 2024లో ఈ పట్టీల వాడకాన్ని మానేయవచ్చని కూడా సూచించింది. యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి పత్రం ఉందా అని మాత్రం తప్పక అడగండి. అడిగితే నొచ్చుకునే చోట స్కాన్ తీయించుకోకపోవడమే మేలు.

డాక్టరు గారికి ఓపిక ఉంటే, రాబోయే పన్ను ఎక్కడ నిలబడాలో ముందే మైనంతో అచ్చు కట్టి, అందులో ఎక్స్‌రేకు కనిపించే గుర్తు పెట్టి, ఆ అచ్చు నోట్లో ఉండగా స్కాన్ తీయిస్తారు. లేకపోతే నోటి లోపలి స్కానరుతో పళ్ల ఆకారం తీసి, కంప్యూటరులో ఎముక చిత్రంతో కలుపుతారు. ఎముక ఎక్కడుంటే అక్కడ స్క్రూ బిగించి, ఆ తరువాత పన్ను ఎలా కట్టాలా అని తల పట్టుకునే రోజులు పోవాలి. ఈ కలిపిన చిత్రం నుంచి డ్రిల్లుకు దారి చూపే గైడు కూడా ముద్రించవచ్చు. పక్క పళ్లు గట్టిగా ఉండి, ఎముక సరిపడా ఉన్న ఒక్క దవడపన్నుకు నేనైతే గైడు కోసం పట్టుబట్టను. గైడు వాడినా దారి ఎముక అంచు దగ్గర సగటున 1 మిల్లీమీటరు పైచిలుకు తప్పుతుందని అధ్యయనాలు చూపించాయి కనుక, ఆ 2 మిల్లీమీటర్ల హద్దు గైడు ఉన్నా తగ్గదు.

స్కాన్ అయ్యాక అచ్చు వేసిన నాలుగు షీట్లతో సరిపెట్టుకోకండి. పూర్తి డేటాను డైకామ్ అనే వైద్య చిత్రాల ఫైళ్ల రూపంలో పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, దానితోపాటు ఓరల్ రేడియాలజిస్టు సంతకంతో రాసిన రిపోర్టు కూడా. రెండేళ్ల కిందట ముమ్మిడివరం వైపు నుంచి ఒకాయన ఎక్కడో తీయించిన స్కాన్‌తో నా దగ్గరికి వచ్చారు. షీట్ల మీద ఇంప్లాంటు వేయవలసిన చోటు కొలతలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ తెరిచి మొత్తం తిప్పి చూస్తే, రెండో వైపు లోపలే ఉండిపోయిన జ్ఞానదంతం చుట్టూ పెద్ద నీటితిత్తి, దాని గోడ నరం కాలువను కిందికి నెట్టేస్తోంది. ఆ చిత్రం మొదటి రోజు నుంచీ ఆయన జేబులోనే ఉంది, కాని ఎవరూ అటు చూడలేదు. స్కాన్‌లో పడిన ప్రతి భాగాన్నీ చదవవలసిన బాధ్యత దాన్ని రాయించినవారికీ, రిపోర్టు ఇచ్చినవారికీ ఉంటుంది. అంతా చదివే మనిషి లేనప్పుడు ముఖం మొత్తం స్కాన్ తీయించి ఏం లాభం?

ఇప్పుడు మీ పన్ను. రూట్ కెనాల్ చేసిన పై మొదటి దవడపన్ను మూడేళ్ల తరువాత నమిలితే నొప్పి పెడుతోందంటే నాకు మొదట తట్టే అనుమానాలు మూడు: పంటి వేరులో దొరకకుండా మిగిలిపోయిన కాలువ, వేరు కొసన చీము, వేరులో నిలువు చీలిక. వీటిలో ఏది అన్నది స్కాన్ కంటే ముందు కుర్చీలోనే చాలావరకు తేలుతుంది. పంటి మీద తట్టి చూడాలి, ఒక్కొక్క మొన మీద విడివిడిగా కొరికించాలి, చిగురు చుట్టూ కొలిచే పుల్లతో లోతు చూడాలి, రెండు కోణాల్లో చిన్న ఫిల్ములు తీయాలి. అమెరికా ఎండోడాంటిక్ (రూట్ కెనాల్ నిపుణుల) సంఘం, ఓరల్ రేడియాలజీ అకాడమీ కలిసి 2015లో సవరించిన సూచన కూడా మొదటి మెట్టు చిన్న ఫిల్మేనంటుంది.

అయితే చిన్న ఫిల్ముకూ హద్దులున్నాయి. ఎముక లోపలి మెత్తని భాగంలో ఉన్న చీము, బయటి గట్టి పొరను తినే దాకా ఫిల్ము మీద కనిపించకపోవచ్చునని బెండర్, సెల్ట్‌జర్ 1961లోనే చూపించారు. పై దవడపళ్ల దగ్గర చెంప ఎముక నీడా, సైనస్ గది నీడా మీద పడి ఇంకా కప్పేస్తాయి. పైగా ఈ పన్నుకు బుగ్గవైపు ముందు వేరులో రెండో కాలువ సగానికి పైగా మనుషుల్లో ఉంటుంది, అది సన్నగా, మరుగున ఉంటుంది. మొదటిసారి దాన్ని కనిపెట్టలేకపోవడం డాక్టరు అజాగ్రత్తే అయి ఉండాలని లేదు. పరీక్షలో అనుమానం బలపడితే 5 సెంటీమీటర్ల చిన్న ఫీల్డు, అన్నిటికంటే సన్నని వాక్సెల్‌తో ఆ ఒక్క చోటికే తీయించండి. మీకు ఆ వైపు ముక్కులోంచే తరచూ పడిశం కారుతుంటే, దుర్వాసన ఉంటే ఆ మాటా చెప్పండి. పంటి చీము సైనస్ అడుగు పొరను ఉబ్బించి ఉండవచ్చు, ఆ ఉబ్బు ఈ స్కాన్‌లో చక్కగా తెలుస్తుంది.

చీలిక విషయంలో మాత్రం స్కాన్‌ను గుడ్డిగా నమ్మవద్దు. వేరులో నింపిన గుట్టాపెర్చా, లోహపు పోస్టు, పైన క్యాపు కిరణాలను అడ్డుకుని చుట్టూ నల్లని, తెల్లని చారలు పుట్టిస్తాయి, ఆ నల్ల చార అచ్చం చీలికలాగే కనిపిస్తుంది. అదే కారణంగా క్యాపుల పక్కన పిప్పి ఉందో లేదో చెప్పడానికీ సీబీసీటీ పనికిరాదు, దానికి చిన్న ఫిల్మే మేలు. చీలిక ఉంటే సాధారణంగా చిగురు చుట్టూ అంతటా మామూలుగా ఉండి, ఒక్క చోట మాత్రం పుల్ల లోతుగా దిగిపోతుంది. స్కాన్‌లో గీతా, నోట్లో ఆ లోతూ రెండూ ఒకే చోట కలిస్తే తప్ప పన్ను తీయడానికి ఒప్పుకోకండి.

పాప దగ్గరికి వస్తే, పై కోరపన్ను మామూలుగా 11, 12 ఏళ్లకు వస్తుంది. 13 ఏళ్లకు ఒక వైపు వచ్చి మరో వైపు రాలేదంటే పట్టించుకోవలసినదే, కాని మొదటి మెట్టు వేలే. పాలకోరపన్ను పైన పెదవివైపు చిగురులో ఉబ్బు తగులుతుందా, లేక అంగిలివైపు తగులుతుందా చూడాలి. ఆ తరువాత ఒకే చోటికి రెండు చిన్న ఫిల్ములు, ఎక్స్‌రే గొట్టాన్ని రెండోసారి కొంచెం పక్కకు జరిపి తీస్తారు. గొట్టం జరిగిన వైపే కోరపన్ను బొమ్మ కూడా జరిగితే అది అంగిలివైపు ఉన్నట్టు, ఎదురు వైపు జరిగితే పెదవివైపు ఉన్నట్టు. రెండు ఫిల్ములతో, పది పదిహేను మైక్రోసీవర్టుల లోపే, చాలామంది పిల్లల్లో దారి తేలిపోతుంది. పాలకోరపన్ను ఇంకా కదలకుండా ఉంటే దాన్ని సమయానికి తీసేయడమే కొందరిలో లోపలి పంటికి దారి ఇస్తుంది. స్వీడన్‌లో ఎరిక్‌సన్, కురోల్ 1988లో ప్రకటించిన అధ్యయనంలో 10 నుంచి 13 ఏళ్ల పిల్లల్లో అంగిలివైపు ఉన్న కోరపళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఇలా సరైన దారికి వచ్చాయి. మీ పాప ఆ వయసు చివరి అంచున ఉంది, అందుకని ఈ పరీక్షను వేసవి సెలవుల దాకా వాయిదా వేయకండి.

లోపలున్న కోరపన్ను పక్కనున్న ముందుపంటి వేరు మీదికి ఎక్కినట్టు ఫిల్ములో కనిపిస్తే, ఆ వేరును అది తినేస్తోందేమోనన్న అనుమానం వస్తుంది. అప్పుడు మాత్రం త్రీడీ కావాలి, అదీ పైదవడ ముందు భాగానికే, పిల్లల కోసం తగ్గించిన డోసుతో. వేరు ఎంత పోయిందన్నదాన్ని బట్టి ఏ పన్నును కాపాడుకోవాలో, క్లిప్పులతో ఏ దిక్కుకు లాగాలో మొత్తం పథకమే మారుతుంది కాబట్టి ఆ స్కాన్‌కు అర్థముంది. క్లిప్పులు పెట్టే ముందు అలవాటుగా తల మొత్తానికి త్రీడీ తీయించడాన్ని నేను సమర్థించను. పెరిగే వయసు పిల్లల శరీరం రేడియేషన్‌కు పెద్దవారి కంటే ఎక్కువగా స్పందిస్తుంది, మెడలోని థైరాయిడ్ గ్రంథి మరీను.

కాబట్టి భీమవరం ప్రయాణం ఈ వారం అమ్మగారికి మాత్రమే పెట్టుకోండి. ఉదయం ఫలహారం చేసి, షుగరు మాత్ర వేసుకునే బయలుదేరమనండి, ఈ స్కాన్‌కు పరగడుపున వెళ్లనక్కర్లేదు, రంగు మందు ఇంజెక్షన్ ఏమీ ఉండదు. పాత ఓపీజీని కవరుతో సహా వెంట తీసుకెళ్లండి. పన్ను తీయకముందు తీసినదైతే, ఆ వేరు కొసన అప్పుడున్న చీము ఇప్పుడు ఎముకగా నిండిందా లేదా అని చూడడానికి రేడియాలజిస్టుకు అది పనికొస్తుంది. తిరిగి మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌తో పాటు హెచ్‌బీఏ1సీ రిపోర్టు, అమ్మగారు రోజూ వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.